వాము డబ్బా పారబోసిన మూల

కొత్తవలస స్టేషన్లో రాయగడ వైపు వెళ్ళే పాసింజరు కోసం నిలబడి ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ లెగట్లేదు, నువ్వు బేగొచ్చీ" అన్నాడు. ఏమైందని అడిగితే మళ్ళీ అదే మాట. మధ్యాహ్నం అన్నం తిని వీధరుగు మీద చాప వేసుకుని పడుకున్న మనిషి, టీ పెట్టి పిలిస్తే పలకలేదట. మా అత్త పోయిందన్న మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు. బండి రాగానే ఎక్కి కూర్చున్నాను.

నిజం చెప్పాలంటే ఏడుపు కంటే ముందు భయమే వచ్చింది. వంటింట్లో దినుసుల డబ్బాలుండే బల్ల ముందు ఇక మీద నేనొక్కదాన్నే నిలబడాలి. ఆ బల్లకి అంత భయపడటమేమిటని మీరు నవ్వవచ్చు. మా అత్త గురించి చెబితే నవ్వరు.

గజపతినగరానికి కాస్త ఎడంగా ఉంటుంది మా ఊరు. మా వీధిలో ఎవరింట్లో పురుడు వచ్చినా బాలింతకి వాము మా అత్త చేత్తోనే వెళ్ళాలి. వాము దోరగా వేయించి, దంచి, నెయ్యి వేసి మొదటి ముద్దలో కలిపి పెట్టాలి. పసిపిల్ల కడుపు ఉబ్బరించి ఏడిస్తే వాము కాచిన నీళ్ళు, ఒంట్లో వేడి చేస్తే ధనియాల కషాయం, అన్నం సయించకపోతే జీలకర్ర, తల్లికి పాలు చాలకపోతే సోంపు. నూతి గట్టు పక్క తడినేల మీద పాకే సరస్వతాకు కోసుకొచ్చి పచ్చడి నూరి, పరీక్షల రోజుల్లో పిల్లలకి పెట్టేది. ఇంతమందికి ఇన్ని చేసే మనిషి గుండె దిటవుగలది అనుకుంటాం. అంత పిరికి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆవిడ ఏ గింజనీ చూపుతో నమ్మేది కాదు. అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన పీల్చి, అప్పుడు గాని మూకుట్లో పోసేది కాదు. "ముందు నలుపు, తరవాత వాసన సూడు, ఆ తరవాతే నోట్లో ఎట్టు" అనేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాట వినీ వినీ విసుగు పుట్టేది. విసుగు బయటపెట్టే ధైర్యం మాత్రం ఉండేది కాదు. ఆవిడ గొంతు అలాంటిది.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒకసారి మా అత్తను మంచి చేసుకుందామని నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాను. ధనియాలు, వాము, జీలకర్ర, సోంపు, కూరల్లో క్యారెట్టు, నూతి దగ్గర సరస్వతాకు అన్నీ ఒకే కుటుంబం అత్తా, చాలావాటికి పువ్వులు గొడుగు విప్పినట్టు ఉంటాయి, అన్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది.

"ఆ కుటంబంలో అందరూ మంచోళ్ళేనా?"

"అందరూ కాదు. వేరే దేశాల్లో ఒక మొక్క ఉంది. అచ్చం వీటిలాగే ఉంటుంది. తింటే ప్రాణం పోతుంది."

మా అత్త "నాకెందుకు సెప్పావే ఇది" అంది. ఆ వారమంతా కొత్తిమీర మడి దగ్గర కూర్చుని ఒక్కొక్క మొలకనీ నలిపి చూసింది. మడిలో వయ్యారిభామ మొలిచేది. లేతగా ఉన్నప్పుడు దాని ఆకు చీలికలు చూస్తే క్యారెట్టు ఆకే అనుకుంటాం. చేతికి గుడ్డ చుట్టుకుని దాన్ని పీకేది. అయినా మోచేతుల దాకా దద్దుర్లు వచ్చేవి. "సూడు, ఇదీ వాటిలాగే ఏసం ఏసుకునొచ్చింది" అని చేతులు చూపించేది. నేను చెప్పిన వేరే దేశం ఆవిడ దృష్టిలో మా పెరడు గోడ అవతలే ఉండేది.

కొన్నేళ్ళకి మా వైపు ఊళ్ళన్నిటినీ కీళ్ళ జ్వరం పట్టుకుంది. మా అత్త కూడా మంచం పట్టి లేచింది. నడక కుదురుకుంది, ఆకలి కుదురుకుంది. కూరలో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంటే నీరసం అనుకున్నాం. నలిపి వాసన చూడటం మాత్రం మానలేదు. కళ్ళు మూసుకుని మునుపటికంటే ఎక్కువసేపు పీల్చేది. అది కూడా మేము పట్టించుకోలేదు.

అప్పుడే నాకు కూతురు పుట్టింది. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది గనుక పురుడు అత్తగారింట్లోనే. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు గది నిండా సాంబ్రాణి పొగ. మా అత్త పళ్ళెంలో వేడన్నం, మధ్యలో వాము పొడి, దాని మీద నెయ్యి వేసి తెచ్చి నా ముందు పెట్టింది. ఒక ముద్ద కలిపి తిన్నాను. వాము నోట్లో పడితే నాలుక చురుక్కుమనాలి. మట్టి తిన్నట్టు ఉంది. రెండో ముద్ద చేతిలో ఉండగా అన్నాను, "అత్తా, ఈ వాముకి ఘాటు లేదేంటి?"

ఆవిడ నా చేతిలో ముద్ద లాగేసి కింద పడేసింది. "మింగేసావా? ఎంత మింగావు? ఊసేయ్, ఊసేయే" అంటూ నా గడ్డం పట్టుకుంది. తరవాత వంటింట్లోకి పరిగెత్తి రెండు రేకు డబ్బాలతో వచ్చి వాటిని మా ఆయన ముందు పెట్టి నేల మీద కూలబడింది.

రెండో డబ్బా మా మావయ్యది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పంటి నొప్పికి సంతలో మూలికలమ్మేవాళ్ళ దగ్గర కురసాని వాము కొని, నిప్పుల మీద జల్లి ఆ పొగ పట్టేవాడు. పేరుకే అది వాము. వాము కుటుంబంతో దానికి ఏ చుట్టరికమూ లేదు, ఉమ్మెత్త కుటుంబానిది. తింటే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మతి తప్పుతుంది. ఆయన చేతి వస్తువని మా అత్త ఆ డబ్బాను పారేయలేదు. ఇన్నేళ్ళూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ముక్కు ఉండగా ఆవిడకి తేడా తెలియకపోవడమన్నది లేదు.

"నాకు వాసన తెలట్లేదురా. జొరం వొచ్చిన కాణ్ణించీ ఏటీ తెలట్లేదు" అంది కొడుకుతో.

ఆ మాట ఆవిడ అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆటోలో టౌనుకి వెళ్తున్నంతసేపూ నా నోరు ఎండిపోతూనే ఉంది. గింజ వల్లా, భయం వల్లా అన్నది నాకే తెలియదు. మా ఆయన మాటిమాటికీ ఫోన్ లైటు నా కళ్ళలోకి వేసి చూస్తున్నాడు. పిల్ల పాలకి ఏడుస్తోంది. ఇవ్వబోతే మా అత్త నా చేయి పట్టేసుకుంది. "వొద్దమ్మా. నీ ఒంట్లో ఏటుందో ఏటో. దాని నోట్లో ఎట్టకు" అంది. నాకు పాలు చేపుకొచ్చి చీర తడిసిపోతోంది, ఎదురుగా పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, నేను ముట్టుకోకూడదు. నా జీవితంలో అంత భయం మళ్ళీ పడలేదు.

డాక్టరు డబ్బా తెరిచి చూశాడు, నా కళ్ళు చూశాడు, నాడి చూశాడు. తిన్నది ఒక్క ముద్దే కదా, సాయంత్రం దాకా ఇక్కడే ఉండండి, పిల్లకి నేను చెప్పేదాకా పాలివ్వకండి అన్నాడు. నర్సు పాలపొడి కలిపితే మా అత్త ఉగ్గుగిన్నెతో పట్టింది. అందులో సగం పిల్ల మెడ మీదే కారిపోయింది. చీకటి పడబోతుండగా డాక్టరు మళ్ళీ వచ్చి నన్ను కొన్ని ప్రశ్నలడిగి, ఇంక భయం లేదు, ఇంటికి వెళ్ళండి అన్నాడు. ఆయన అటు తిరగగానే మా అత్త నా పాదాల దగ్గర కూర్చుని, బాలింత పాదాలు చల్లబడకూడదని చీర కొంగు చుట్టింది. ఏడవలేదు. చుట్టిన కొంగునే విప్పి మళ్ళీ చుట్టింది.

ఇంటికి రాగానే మావయ్య డబ్బా పట్టుకెళ్ళి పెరట్లో నీళ్ళ తొట్టి వెనక మూలలో పారబోసింది. కంగారులో చేసిన పని. పొయ్యిలో వేస్తే పోయేదని మర్నాడు తోచింది గాని అప్పటికి గింజలు మట్టిలో కలిసిపోయాయి. అప్పటి నుంచి ఆ మూల అంటే ఆవిడకి హడలు. వాన పడితే చాలు, గునపం పట్టుకుని వెళ్ళి అక్కడ మొలిచిన ప్రతి పరకా తవ్విపారేసేది. ఎవరు వేశారో తెలియని బచ్చలి తీగ ఒకటి బంగారంలా వస్తే దాన్నీ వదల్లేదు. మా పాప బంతి అటు దొర్లితే వీధంతా వినపడేలా కేకలు. అవి పాతబడిన గింజలు అత్తా, పైగా చల్లటి ప్రాంతాల మొక్క, మన నేలలో మొలవదు అని ఎన్నోసార్లు చెప్పాను.

"నీకేటి తెలుసే? భూమ్మీద పడ్డ గింజ ఎప్పుడు లెగుస్తాదో ఎవులికి తెలుసు?" అనేది.

వాము ఇవ్వడం మానేస్తానంది. ఎవులు పిలిచినా ఎల్లను అంది. నిజానికి ఆ పని పోతే ఆవిడ ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. నేను వాసన చూస్తాను, నువ్వు చెయ్యి అన్నాను. ఆవిడ ఆలోచించి, "ఎవులికీ సెప్పకు" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదొక ఆచారమైంది. ఆవిడ అరచేతిలో నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది. నేను "వాము" అనేదాన్ని. "నిజంగానా?" అని అడిగేది. "నిజంగా అత్తా." అప్పుడు మూకుడు పొయ్యెక్కేది. బడికి టైమైపోతున్నా, చేతులకి పిండి ఉన్నా, మేమిద్దరం మాటల్లేకుండా ఉన్న రోజైనా ఇది తప్పేది కాదు. చూసినవాళ్ళు కోడలికి పని నేర్పుతోంది అనుకున్నారు. మేము కాదనలేదు.

మా అత్తంటే నాకున్న భయం ఎప్పుడు పోయిందో తెలియదు. ఆవిడ భయం నాకు అంటుకుంది. ఇప్పుడు నేనూ సోంపు పొట్లం విప్పితే ముందు నలుపుతాను. హోటల్లో కూర మీద జల్లిన కొత్తిమీర కూడా నలిపి చూస్తానని మా పాప వెక్కిరిస్తుంది. ఆ అలవాటు నాకిచ్చినందుకు ఆవిడకి దణ్ణం పెట్టుకుంటాను. అదే ఆవిడ నాకిచ్చిన ఆస్తి.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆవిడ కూతురు ఆసుపత్రి నుంచి వచ్చిందట. "మీ అత్త లేదు కదమ్మా. ఇంక నువ్వే ఇవ్వాల" అంది. గిన్నె తీసుకుని, మధ్యాహ్నానికి పంపిస్తానన్నాను. వాము అరచేతిలో వేసి నలిపాను. ఘాటు గుప్పుమంది. మళ్ళీ నలిపాను. మళ్ళీ అదే వాసన. అయినా పొయ్యి వెలిగించలేకపోయాను. నా ముక్కు సరిగ్గా ఉందో లేదో ఎవరు చెబుతారు? ఆ ఇంట్లో ఒక పసిగుడ్డు ఉంది. ఆ రోజు ఆటోలో విన్న ఏడుపు మళ్ళీ చెవుల్లో పడింది.

ముఖం కడుక్కుందామని పెరట్లో తొట్టి దగ్గరికి వెళ్ళాను. తొట్టి వెనక మూలలో మొలకలు.

నాలుగు రోజులుగా ముసురు. ఎప్పుడూ బోసిగా ఉండే ఆ మూల పచ్చగా ఉంది. ఒక్కొక్క మొలకకీ కోలగా రెండే ఆకులు. చూసి పోల్చుకోవడానికి ఏ పోలికా లేదు. ఆవిడ పోయిన కొద్ది రోజులకే లేచి వచ్చాయి అనుకున్నాను. సైన్సు చెప్పే మనిషిని, అయినా ఆ మొలకల ముందే కూర్చుండిపోయాను. ఒక ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొత్తిమీర. ఇంకో మొలకది నలిపాను. కొత్తిమీరే. నమ్మకం కుదరక మా ఆయన్ని కేకేశాను.

ఆయన వచ్చి చూసి, "అమ్మే జల్లింది. పోయే ముందు వారం ఈ మూల తవ్వమంటే నానే తవ్వాను. ధనియాలు సెప్పుతో నలిపి బద్దలు సేసి తెచ్చుకుంది" అన్నాడు.

"ఇక్కడా? ఎందుకని అడగలేదా?"

"అడిగాను. ఎన్నాళ్ళు బయపడతాంరా, ఏది మొలిసినా కోడలుంది కదా, వాసన సూస్తాది అంది."

వాము ఇంకా నా ఎడమ అరచేతిలోనే ఉంది, చెమటకి చేతికి అంటుకుపోయింది. దాన్ని బొటనవేలితో నలిపి ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

"వాము" అన్నాడు.

"నిజంగానా?"

ఆయన నా ముఖంలోకి చూసి, ఇంకోసారి గట్టిగా పీల్చి, "నిజంగానే" అన్నాడు.

లేచి వంటింట్లోకి వెళ్ళబోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఆ మూలలో కొన్ని మొలకల నెత్తి మీద ధనియం బద్దలు ఇంకా అలాగే ఉన్నాయి, మా అత్త చెప్పుతో నలిపినవి.