చుక్కలన్నీ ఒక్క మూలనే

మా ఆసుపత్రి ల్యాబు తలుపు తీయగానే స్లైడ్లు తయారుచేసే జైలీన్ ద్రావకం వాసన గుప్పుమంటుంది. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మునిరత్నం గారు గుర్తొస్తారు. తొంభైల నడుమ మద్రాసులో నేను పేథాలజీ పీజీ చేస్తున్నప్పుడు ఆయన అక్కడి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. పెరంబూరు నుంచి లోకల్ ట్రైనెక్కి అందరికంటే ముందొచ్చేవారు. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది.

నా థీసిస్ పేగు బయాప్సీల మీద. పేగు లోపలి పొరలో చేరిన రోగనిరోధక కణాలను రెండు రకాల రంగులు వేసి లెక్కించి పోల్చాలి. ఒకటి రోజూ వాడే గులాబీ, ఊదా రంగు. రెండోది యాంటీబాడీతో వేసేది. అందులో ఆ కణాలు మాత్రమే గోధుమరంగులో కనిపిస్తాయి. అది బాగా ఖరీదు, చిన్న ఆసుపత్రులకు అందేది కాదు. పాత రంగు ఇక పనికిరాదని తేల్చేయాలని నాకు మహా ఉబలాటం. అనుకున్నట్టే కొత్త రంగులో లెక్క చాలా ఎక్కువ వచ్చింది. థీసిస్ ఇవ్వడానికి ఇంకా నెల ఉంది, నేను గాల్లో తేలిపోతున్నాను.

లెక్కించిన చోటల్లా స్లైడు మీద ఇంకుతో చుక్క పెట్టేదాన్ని. ఒకరోజు పొద్దున మునిరత్నం గారు గోధుమరంగు స్లైడొకటి కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు.

“ఏం డాక్టరమ్మా, చుక్కలన్నీ ఈ మూలనే పెట్టుండారు? ఆ పక్క ఉండేది పేగు కాదా?”

“ఇక్కడైతే కణాలు బాగా కనిపిస్తున్నాయండీ.”

“అదే నేను చెప్పేది. బాగా కనిపించే తావు ఏరుకోని ఎంచితే, ఎక్కువ రాక ఏమొస్తాది?”

నాకు ఒళ్లు మండిపోయింది. రంగులు వేసే మనిషి నాకు లెక్క నేర్పుతాడా అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మధ్యాహ్నం స్లైడ్లన్నీ ముందు పెట్టుకుని చూశాను. పాత రంగువాటి మీద చుక్కలు అంతటా ఉన్నాయి, గోధుమరంగువాటి మీద గుంపులుగా ఉన్నాయి. ఏడుపొచ్చేసింది.

ఆయన మందలించలేదు. చుక్కలు తుడిచి, గోడకున్న దినసరి క్యాలెండర్ పాత కాగితాలు ముక్కలు చేసి, రోగి నంబర్ల మీద అంటించారు.

“ఇప్పుడు ఏ స్లైడు ఎవురిదో మీకు తెలీదు, ముందు ఎంత ఎంచినారో గుర్తుకు రాదు. ఈ అంచు నుంచి ఆ అంచుకి పోండి. ఏది వస్తే అది ఎంచండి. సరియా?”

నెలంతా అదే పని. చివరికి తేడా ఉంది, కానీ కొంచెమే. ఓపిగ్గా చూస్తే పాత రంగులోనూ ఆ కణాలు దొరుకుతున్నాయి. “ముందు చెప్పినదానికీ దీనికీ పొంతనేదీ?” అని మా గైడు మేడమ్ నిలదీశారు. థీసిస్ పోయినా పోనీ అని చుక్కల సంగతి చెప్పేశాను. ఆవిడ నా లెక్కల కాగితాలు తిరగేశారు. తరవాత, “అదీ రాయి. ఎవరు పట్టుకున్నారో కూడా రాయి,” అన్నారు. రాశాను. ఆ పేజీ చూపిస్తే మునిరత్నం గారు తన పేరు రెండుసార్లు చదువుకుని, “టీ తాగుదాం రాండి డాక్టరమ్మా,” అన్నారు.

ఇప్పుడు నేనున్న చిన్న ఊరి ఆసుపత్రిలో ఆ యాంటీబాడీ లేదు. పనికిరాదని తేల్చేయబోయిన పాత రంగుతోనే పేగు బయాప్సీలు చూస్తాను, జబ్బేదో కనిపెడతాను, బాగుపడ్డవాళ్లనూ చూస్తాను. మా టెక్నీషియన్ అమ్మాయి నంబరు మీద క్యాలెండర్ కాగితం అంటించి స్లైడు నా చేతికిస్తుంది. అంచు నుంచి మొదలుపెడతాను. ఏది వస్తే అది ఎంచుతాను.