టక్‌మన్న రెంచి

నిన్న వికారాబాద్‌లో నా బండికి ఇంజన్ ఆయిల్ మారుస్తూ, పాత ఆయిల్ దించే కింది బోల్టును టార్క్ రెంచితో బిగిస్తుంటే టక్‌మంది. నా చెయ్యి దానంతటదే ఆగింది.

తాండూరులో నాన్న బండల గనిలో పనిచేసేవాడు. బలమంతా పెట్టి బిగించి, రెండుసార్లు తన బండికి అదే బోల్టు మరలు పాడుచేసుకున్నాకే ఈ రెంచి కొన్నాడు. తొమ్మిదేళ్ల నా చేతికిచ్చి, "జర గుంజు బిడ్డా" అన్నాడు.

గుంజాను. టక్! విరగ్గొట్టేశాననుకుని ఏడుపందుకున్నాను.

"ఇరగలే బిడ్డా. ఇగ సాలని చెప్తున్నది," అని నవ్వుతూనే, అలవాటుకొద్దీ ఇంకొంచెం బిగించబోయాడు.

రెంచి లాక్కున్నాను. "సాలన్నది గదా నాయినా!"

బషీరాబాద్ దాకా పోయొచ్చి బండిని వాకిట్లో నిలిపాడు. తెల్లారి చూస్తే కింది బండ మీద ఒక్క చుక్క ఆయిల్ లేదు. నాన్న వాడకట్టునంతా పిలిచి ఆ పొడి బండను చూపించాడు.

"మా బిడ్డ బిగించింది. నన్ను ముట్టనియ్యలే!"