ప్రాణం పోయినా చెప్పని ఓటీపీ

నాకు రాయడం కొత్త. ఐదో తరగతి కూడా దాటలేదు, తప్పులుంటే మీరే సర్దుకోండి. దిల్‌సుఖ్‌నగర్‌లో అంతమంది ముందు నా తెలివిని నేనే నట్టేట ముంచిన సంగతి చెప్తాను.

సర్కారు దవాఖానలో కొన్నాళ్ళు కాంట్రాక్టు ఆయాగా చేశాను. కాంట్రాక్టు అయిపోగానే ఇంటికి పొమ్మన్నారు. నా జీతంలోంచి పీఎఫ్ అని, పెన్షన్ అని పట్టుకున్న డబ్బు మాత్రం అక్కడే ఉండిపోయింది. కొద్దికాలమే చేసినవాళ్ళు అది వెనక్కి తీసుకోవచ్చని తోటి ఆయా చెప్పింది. అప్పుడే కర్మన్‌ఘాట్‌లో ఒకామె తన ఇడ్లీ బండి అమ్మకానికి పెట్టింది. "నెలాఖరు దాక ఆగుత యాదమ్మా. గటెన్క వేరేటోళ్ళకిస్త" అంది. ఆ బండి వస్తేనే మా ఇల్లు గడిచేది.

ఆ డబ్బుకు అర్జీ పెట్టడానికి ఇంటర్నెట్ సెంటర్‌కు బయల్దేరుతుంటే నా కూతురు శిరీష ఆపింది.

"అమ్మా, ఫోన్‌ల ఓటీపీ ఒస్తది. ఎవ్వలడిగినా చెప్పకు. పక్కింటామె గట్లనే చెప్పి పైసలన్ని పోగొట్టుకుంది."

సెంటర్ నడిపే ప్రసాద్ గారిది కోస్తా. ఓపికగా నా వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, "ఓటీపీ వచ్చిందా అమ్మా? చెప్పండి" అన్నారు.

నేను పసిపిల్లను దాచినట్టు ఫోన్‌ను కొంగులో దాచాను.

"చెప్ప సారూ."

"చెప్పకపోతే ఎలాగండీ? అది కొడితేనే కదా మీ డబ్బులొచ్చేది."

"గట్ల చెప్పినోళ్ళే మునిగిండ్రు."

గడువు దాటి ఆ నంబరు చెల్లకుండా పోయింది. ఆయన ఇంకొకటి తెప్పించారు. దాన్నీ కొంగులోనే పండబెట్టాను.

"అమ్మా, ఇదే ఆఖరుసారి. ఇది కూడా పోతే ఇవాళ్టికి సైట్ తీసుకోదు" అన్నారాయన. ఇడ్లీ బండి కళ్ళముందే దొర్లుకుంటూ పోతున్నట్టనిపించింది.

నా వెనక ఒక ఆటో అన్న నిలబడ్డాడు. "అక్కా, జర జల్ది కానియ్యి. నా గిరాకీ పోతుంది" అన్నాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. మెసేజ్ అంతా ఇంగ్లీషు. ఇది పీఎఫ్ వాళ్ళదో, దొంగలదో? అనుమానమొచ్చి ఫోన్ ఆ అన్నకే ఇచ్చాను.

"జర సదివి చెప్పన్నా, ఏమొచ్చిందో."

రోజంతా "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని అరిచి మనుషుల్ని ఎక్కించుకునే గొంతు అది. సెంటరంతా దద్దరిల్లేలా చదివాడు.

"పీఎఫ్ కోసం నీ ఓటీపీ నాలుగు, ఏడు, సున్నా, తొమ్మిది, రెండు, ఆరు. ఇది ఎవ్వలికి చెప్పొద్దంట అక్కా."

"సల్లగుండన్నా" అని ఫోన్ తీసుకుని ప్రసాద్ గారి వైపు విజయగర్వంతో తిరిగాను.

"ఇన్నవా సారూ? గవర్నమెంటే చెప్పొద్దంటుంది. పానం పోయినా నేను చెప్ప."

"మీరేం చెప్పక్కర్లేదమ్మా. కొట్టేశాను, అప్లికేషన్ వెళ్ళిపోయింది" అన్నారాయన, నవ్వు ఆపుకుంటూ.

సెంటరంతా ఒకటే నవ్వు.

నెలాఖరు రాకముందే డబ్బు బ్యాంకులో పడింది, బండి నాదయింది. దొంగను చూసినట్టు నేను చూసినా నా పని విడిచిపెట్టని ప్రసాద్ గారికీ, గిరాకీ మానుకుని చదివిపెట్టిన ఆ అన్నకూ మొదటి వాయి ఇడ్లీలు పట్టుకెళ్ళి ఇచ్చాను. నేను తిన్నప్పటికంటే వాళ్ళు తిన్నప్పుడే నా కడుపు నిండింది.

ఆ రోజే హనుమంతుడి గుడిలో దీపం ముందు ఒట్టు పెట్టుకున్నాను. బతికుండగా ఇంకెప్పుడూ నా రహస్యాన్ని ఆటో అన్నలతో చదివించను. తప్పనిసరైతే, జలుబు చేసి గొంతు పోయిన మనిషిని వెతుక్కుంటాను.