శనివారం మేకు

మా ఆయన పోయిన రెండు నెలలకి బట్టలు సర్దుతుంటే ఆ వేషం బయటపడింది. ముతక చొక్కా, తోలు ఏప్రన్. వేషం అన్నది నేను పెట్టిన పేరే. రిటైరయ్యాక ప్రతి శనివారం అవి తొడుక్కుని, అమెరికాలో మేముండే క్యారీ నుంచి ముప్పావుగంట డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, ఒక పాతకాలపు ఊళ్ళో కమ్మరిపని చేసేవారు. ఊరంటే నిజం ఊరు కాదు, మ్యూజియం. నూటయాభై ఏళ్ళ కిందటి ఇళ్ళూ, పొలం, కొలిమి అలాగే ఉంచారు. రిటైరైనవాళ్ళు వాలంటీర్లుగా చేరి, ఆ కాలపు బట్టల్లో ఆ కాలపు పనులు చేసి చూపిస్తారు.

జన్మంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి. ఫోటో తగిలించడానికి మేకు కొట్టమంటే గోడంతా చిల్లులు పెట్టేవారు. అలాంటాయన సమ్మెట పట్టుకోవడమేంటని పడీ పడీ నవ్వాను.

మొదటి శనివారం మొహమంతా మసి పూసుకుని గరాజ్‌లోంచి వచ్చారు. అరచేతిలో ఓ వంకర మేకు.

"ఏమోయ్, చూడు. నేనే చేశాను. నీకే."

"అయ్యో రాత! శనివారం పూట ఇనుము ఇంట్లోకి తెస్తారా ఎవరైనా? బుద్ధుందా అసలు? ముందది బయట పడేసి రండి!"

మా అమ్మ శనివారం గుండుసూది కూడా గుమ్మం దాటనిచ్చేది కాదు. పాతికేళ్ళు ఫార్మా ల్యాబ్‌లో పనిచేశాను, ఏ రిజల్టూ రెండోసారి చెక్ చేయకుండా నమ్మలేదు. దీన్ని మాత్రం ఒక్కసారీ చెక్ చేయలేదు. ఆయన మేకు పట్టుకుని వెనక్కి తిరిగారు. "రేపు తెండి" అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? అనలేదు. తర్వాత నాలుగేళ్ళు ప్రతి శనివారం వెళ్ళారు, ప్రతి శనివారం ఉత్త చేతులతో వచ్చారు. నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆయన చేత్తో చేసిన వస్తువు ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ బట్టలు తిరిగిచ్చే వంకతో మ్యూజియంకి వెళ్ళాను. ఆయన కొట్టిన మేకు ఒక్కటుంటే ఇమ్మని ఆఫీసులో ఉన్నావిడని అడిగాను.

"పెద్ద కమ్మరికే తెలియాలి. ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు," అంది. ఆమే నా చెయ్యి పట్టుకుని, "ఆయన వచ్చేదాకా కొలిమి దగ్గర మీరుంటారా? వచ్చిన పిల్లలకి తలా ఓ మేకు గుర్తుగా ఇస్తాం. అరలో డబ్బాలున్నాయి, అందులోవి ఇవ్వండి," అంది.

ఉండిపోయాను. పొడుగు గౌను, తలకి గుడ్డ, జేబుల ఏప్రన్. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. నా వేషం చూసి నవ్వడానికి ఆయన లేరని ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఎండాకాలమంతా, ఆ తర్వాత కూడా శనివారాలు అక్కడే గడిపాను. ఆరిపోయిన కొలిమి పక్కన నిలబడి, మేకు ఎలా చేస్తారో నోటితో చెప్పి, పిల్లల చేతిలో ఒక్కోటి పెట్టేదాన్ని. మొదటి డబ్బా అయిపోతే వెనకాలున్న రెండోది తీశాను. అందులో ఒకటి నేను తీసుకోవచ్చుగా అని ఒకసారి అనిపించింది. ఎవరో కొట్టిన మేకు నాకెందుకు? నాకు కావలసింది మా ఆయనది. పెద్ద కమ్మరి వస్తాడు, చూపిస్తాడు అనుకున్నాను.

అక్టోబర్ చివరి శనివారం ఒక తెలుగు పెద్దావిడ మనవరాలితో వచ్చింది. చీర, కాళ్ళకి స్నీకర్లు. డబ్బాలో అడుగున మిగిలిన ఒక్క మేకు పిల్ల చేతిలో పెట్టాను. పెద్దావిడ గబుక్కున, "వద్దమ్మా, శనివారం ఇనుము ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఇచ్చెయ్యి," అంది.

పిల్ల నా చేతికి తిరిగిచ్చి, "సారీ ఆంటీ, అమ్మమ్మ వద్దంటోంది," అంది.

"మంచి పని చేశారండీ, మన పద్ధతి మరిచిపోలేదు," అన్నాను పెద్దావిడతో. నిజంగానే మెచ్చుకున్నాను, సిగ్గులేకపోతే సరి. మేకు ఏప్రన్ జేబులో వేసుకున్నాను.

వాళ్ళటు వెళ్ళగానే పెద్ద కమ్మరి కర్ర ఊతంతో వచ్చాడు. నేనెవరో తెలిసి రెండు చేతులూ పట్టుకున్నాడు. తర్వాత అరకేసి చూశాడు.

"వెనకాల డబ్బా మీరు తీసుకున్నారా? హమ్మయ్య. అవి మీవే."

"నావేంటి?"

"ప్రతి శనివారం ఆఖర్న మీ కోసమని ఒక మేకు చేసేవాడు. ఇవాళ తీసుకెళ్తే మా ఆవిడ ఒప్పుకోదు, ఇంకో రోజు వచ్చి పట్టుకెళ్తానని అందులో వేసేవాడు. మొట్టమొదటిది కూడా, ఆ మరుసటి వారం కారులోంచి తెచ్చి అందులోనే వేశాడు."

నాలుగేళ్ళ శనివారాలు. నా చేతులతోనే, ఒక్కొక్కటీ, ముక్కూ మొహం తెలియని పిల్లలకి పంచిపెట్టాను. అక్కడే బల్ల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

కళ్ళు తుడుచుకుందామని ఏప్రన్ ఎత్తితే తొడకి ఏదో గుచ్చుకుంది. జేబులో చెయ్యి పెట్టాను. వంకరగా ఉందని ఎవరికివ్వడానికీ చెయ్యాడక, పక్కకి నెడుతూ నెడుతూ ఆఖరికి మిగిల్చిన మేకు. ఆయన మొట్టమొదటిది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఐదు. గరాజ్ తలుపు దగ్గర, ఆయన ఆ రోజు నిలబడ్డ చోటే, మేకు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. శనివారమే. నీకే అంటూ తెచ్చిన మనిషి లేరు. వద్దన్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.