గ్రీన్ చానెల్లో కాసుల పేరు

మా అత్తగారి కాసుల పేరు పెద్దకోడలికి, అంటే మా ఏరాలికి పోయింది. నాకు గాజులు వచ్చాయి. దీని గురించి నేను ఎన్నడూ పోట్లాడలేదు. పోట్లాడలేదన్న సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలిసేటట్టు మసలుకున్నాను.

చేవెళ్ళలో మాది సిమెంటు, రంగుల దుకాణం. మొయినాబాద్ రోడ్డు వెంట సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్లాట్లు కొని, గండిపేట దాకా ఇళ్ళు లేచాక, సున్నం బస్తాలు అమ్ముకునే మేము ఆటోలకొద్దీ రంగు డబ్బాలు పంపడం మొదలుపెట్టాం. ఒక ఏడాది బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా దుబాయి తీసుకుపోతామని కంపెనీ వాళ్ళు కబురు చేశారు. ఆఖరి రోజు పెద్ద హోటల్లో విందు. దానికి ఏం కట్టుకోవాలి, ఏం పెట్టుకోవాలి అని మా ఆడవాళ్ళ ఫోన్లు వేడెక్కిపోయాయి.

మొయినాబాద్ హార్డ్‌వేర్ దుకాణం ఆమె నాకు ఫోన్ చేసింది. "నేనైతే వడ్డాణం పెట్టుకుంట అక్కా. నీకేమున్నది?"

నీకేమున్నది అని అడగడంలో ఏముంటుందో నాకు తెలుసు. "కాసుల పేరున్నది" అన్నాను. అన్న తర్వాత తెచ్చుకోక తప్పలేదు.

మా వాళ్ళలో నగ అడిగి పెట్టుకోవడం తప్పు కాదు. పెళ్ళికో పేరంటానికో ఒకరి మెడలోది ఇంకొకరి మెడలోకి పోతుంది, పని కాగానే ఇంటికి చేరుతుంది. అడిగితే లేదనడమే అమర్యాద. అయినా పెళ్ళయిన నాటి నుంచి నేను మా ఏరాలిని ఆ పేరు అడగలేదు. అడిగితే అది ఆమెదేనని నా నోటితో ఒప్పుకున్నట్టవుతుంది.

ఈసారి అడిగాను. అడిగిన వారానికి ఆమె దాన్ని మెరుగు పెట్టించి మరీ ఇచ్చింది. ఇంతకాలం తాను పెట్టుకున్నప్పుడు లేని మెరుగు నాకెందుకని మనసులో అనుకున్నాను. డబ్బా నా చేతిలో పెడుతూ ఆమె ఒక మాట చెప్పింది.

"చెల్లె, పొయ్యేటప్పుడే ఎయిర్‌పోర్టుల కస్టమ్స్ వాళ్ళకు చూపెట్టి కాగితం రాయించుకో. లేకుంటే వచ్చేటప్పుడు దుబాయిల కొన్నవంటరట. మా బిడ్డ చెప్పింది. వాళ్ళ ఆఫీసోళ్ళు గట్లనే చేస్తరట."

"నీ వస్తువు నీకు భద్రంగ తెచ్చిస్త తియ్యక్కా."

"అయ్యో, నేను గట్లన్ననా?"

అనలేదు. కానీ గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్ళ బిడ్డకు తెలిసినపాటి నాకు తెలియదని అన్నట్టే కదా.

పోయేనాడు ఎయిర్‌పోర్టులో మా ఆయన "రాయించుకుందామా? టైమున్నది" అన్నాడు.

"మెడల ఉన్నదాన్ని ఎవలడుగుతరు?" అన్నాను.

అడుగుతారని, దుబాయి నుంచి వచ్చేవాళ్ళనైతే ఇంకా గట్టిగా అడుగుతారని నాకూ తెలుసు. ఆమె చెప్పింది గనుక చేయలేదు.

విందులో మొయినాబాద్ ఆమె నా మెడలో పేరును అరచేతిలోకి తీసుకుని బరువు చూసింది. చుట్టూ మిగతా డీలర్ల భార్యలు చేరారు.

"మీ అత్తదా అక్కా?"

"మా అత్తదే."

"నీకే ఇచ్చిందా?"

"మరి?"

"అదృష్టవంతురాలివే తల్లీ. మా అత్త పానం పొయ్యేదాంక బీరువా తాళం ఇయ్యలే."

ఆ "మరి"లో అబద్ధం ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు. ఆ రాత్రంతా నేను నిటారుగా కూర్చున్నాను.

తిరిగి శంషాబాద్‌లో దిగినప్పుడు పట్టపగలు. సుంకం కట్టే వస్తువులు లేనివాళ్ళు పోయే గ్రీన్ చానెల్లో అందరం ట్రాలీలు తోసుకుంటూ నడిచాం. యూనిఫాం వేసుకున్న ఒక ఆఫీసరమ్మ నా ఒక్కదాన్నే పక్కకు పిలిచింది.

"ఈ హారం ఎక్కడ కొన్నారమ్మా?"

"కొనలే. మా ఇంటిదే."

"కొత్తదానిలా మెరుస్తోంది. వెళ్ళేటప్పుడు రాయించుకున్నారా?"

"లేదు."

"బిల్లుందా?"

"మా అత్త కాలం నాటిది మేడం, బిల్లు యాడికెళ్ళి తేవాలె?"

మొయినాబాద్ ఆమె ట్రాలీ వదిలేసి నాకు సాయం వచ్చింది. పిలవకుండానే వచ్చింది. "మేడం, వాళ్ళ అత్త ఈమెకే ఇచ్చింది మేడం. మాకందరికీ చెప్పింది."

"మంచిది. అయితే ఇది పెట్టుకున్న పాత ఫొటో ఒకటి చూపించండి, పెళ్ళిదైనా పండగదైనా. ఇక్కడి నగేనని తేలితే పంపించేస్తాను. తేలకపోతే సుంకం పడుతుంది, అప్పటిదాకా వస్తువు మా దగ్గరే ఉంటుంది."

నా దగ్గర అటువంటి ఫొటో ఎట్లా ఉంటుంది? మా ఆయన ఫోన్ తీశాడు. "మా వదినెకు చేస్త. ఆమె తాన ఉంటయి గద."

"చెయ్యకు."

"మరి ఇడిచిపెట్టి పోదామా? వస్తువు ఆమెది. ఆమెకేం చెప్పాలె?"

ఆయన గొంతు ఎప్పుడూ దుకాణంలో లారీ డ్రైవర్లతో మాట్లాడినంత ఉంటుంది. వెనక ట్రాలీలన్నీ ఆగిపోయాయి. మొయినాబాద్ ఆమె నా మెడ వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసింది.

"ఇది నీది గాదా అక్కా?"

మా ఆయన అప్పటికే వాళ్ళ వదినెకు ఫోన్ కలిపాడు.

కాసేపటికి ఫోన్లో ఫొటోలు వచ్చి పడ్డాయి. పెళ్ళి ఆల్బమ్‌లు తీసి, ఒక్కొక్క పేజీకి ఫొటో కొట్టి పంపినట్టున్నారు. మా ఏరాలి గృహప్రవేశం. వాళ్ళ బిడ్డ చీరల ఫంక్షన్. మా మరిది పెళ్ళి. అన్నిటిలోనూ ఆమె మెడలో కాసుల పేరు. అన్నిటిలోనూ ఆమె పక్కన నేను. ఆఫీసరమ్మ రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి కాసులు చూసింది. తర్వాత వేళ్ళు పక్కకు జరిపింది.

"ఇది మీరేనా?"

"నేనే."

ఫొటోలో నేను కెమెరా వైపు చూడటం లేదు. కాసుల పేరు వైపు చూస్తున్నాను. రెండో దానిలోనూ అంతే. మూడో దానిలో చేతిలో అక్షింతలు పట్టుకుని, పెళ్ళికొడుకును వదిలేసి ఆమె మెడకేసి చూస్తున్నాను. ఆఖరిది నా పెళ్ళిది. బాసికం కట్టుకుని పీటల మీద కూర్చుని కూడా తల పక్కకు తిప్పి అటే చూస్తున్నాను. అంత పచ్చిగా నా మొహంలో అది కనబడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆఫీసరమ్మ ఫోన్ మా ఆయనకు ఇచ్చేసింది. "పాతదేనమ్మా. అనుమానం లేదు. వెళ్ళండి" అంది. ఆ మాట చాలా మెల్లగా అంది. అంత మెల్లగా అనకపోయినా బాగుండేది.

మొయినాబాద్ ఆమె కూడా మా ఆయన భుజం పక్కనుంచి అన్నీ చూసింది. నా బ్యాగు తన ట్రాలీ మీద పెట్టుకుని బయటిదాకా తోసుకొచ్చింది. ఆమె మీద నాకు ఇప్పటికీ ఉన్న కోపాల్లో అది ఒకటి.

కారు మా ఇంటికి పోనివ్వకుండా నేరుగా ఏరాలి ఇంటికి తీసుకుపొమ్మన్నాను. డబ్బా ఆమె చేతిలో పెట్టాను. ఆమె మూత తీసి చూడకుండానే పక్కన పెట్టి, నన్ను కూర్చోమంది. నేను నిలబడే అడిగాను.

"అన్ని ఫొటోలు పంపాల్నా అక్కా? ఒక్కటి సరిపోకపోవునా?"

"ఏదాంట్ల సాఫ్‌గ కనవడ్తదో తెల్వలే. నీ వస్తువు ఆడ గుంజుకుంటరేమోనని భయమైంది."

నీ వస్తువు అంది. తడబడి అన్నదో, కావాలని అన్నదో నేను తేల్చుకోలేకపోయాను. తర్వాత ఆమె వంటింట్లోకి పోతూ, వెనక్కి తిరగకుండా అంది:

"నువ్వు గట్ల చూసుడు నాకెప్పటికెల్లో తెలుసు చెల్లె. ఇయ్యాల అడుగుతవు, రేపు అడుగుతవు అని చూసిన."

తెలిసినప్పుడు నువ్వే ఒకసారి పెట్టుకొమ్మని ఇవ్వొచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. అది న్యాయమైన మాటే. కానీ అనడానికి మొహం చెల్లలేదు.

ఆమె చాయ్ తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను కప్పులోకే చూస్తూ తాగాను. ఆమె మెడలో ఆ పూట పుస్తెలతాడు తప్ప ఏమీ లేదు. అయినా కళ్ళెత్తి అటు చూడాలంటే సిగ్గేసింది.