పులిపిరి చెంప మారింది

సన్యాసిరాజు అచ్చుబొమ్మల ముందు నిలబడి "శ్రామిక సౌందర్యం" అని నిట్టూర్చే పెద్దమనుషులున్నారు. సౌందర్యం లేదు, గాడిదగుడ్డూ లేదు. అతను గాజువాకలో వెల్డరు. పాత కన్వేయర్ బెల్టు రబ్బరు మీద ఉలితో బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, గరిటె బోర్లించి రుద్దుతాడు. పొద్దున్న షిఫ్టు వాళ్లొచ్చేసరికి బస్టాపు గోడ మీద ఎవడో ఒకడి పరువు అంటించి ఉంటుంది.

పరవాడలో ఓ మందుల ఫ్యాక్టరీ ట్యాంకు కడగడానికి దిగి కూలీ వీరన్న పోయాడు. కాంట్రాక్టరు కృష్ణంరాజు మాస్కు ఇవ్వలేదు. సన్యాసిరాజు అతన్ని చెక్కాడు: నక్క మూతి, ఎడమ చెంప మీద పులిపిరి, శవం బొటనవేలు పట్టుకుని రాజీ కాగితం మీద వేలిముద్ర వేయిస్తూ. ఆ ముద్ర సంగతి వట్టి ఊహ. కోపంలో ఒకటి మరిచాడు. రబ్బరు మీద ఎడమ, కాగితం మీద కుడి.

కుడి చెంప మీద పులిపిరి ఉన్నది యూనియన్ లీడరు గురునాథరావుకి.

మధ్యాహ్నం సన్యాసిరాజు షెడ్డులో అన్నం ముందు కూర్చున్నాడో లేదో, గురునాథరావు తన్నుకి పళ్లెం ఎగిరిపడింది. మొదటి గుద్దుకే పన్ను ఊడింది. లీడరు వెంట వచ్చిన దొరబాబు, చచ్చిపోయిన వీరన్న తమ్ముడు, సన్యాసిరాజు కుడిచేతిని ఇనుము సాగగొట్టే దాగలి మీద అదిమిపట్టాడు.

"మా అన్న సవాన్ని గోడకెక్కిత్తావేట్రా?"

చెయ్యి పోతే ఉలీ పోతుంది, వెల్డింగూ పోతుంది. సన్యాసిరాజు ఉన్నమాటే చెప్పేశాడు.

"లీడరు బావా, అది నువ్వు కాదు! కృష్ణంరాజు. పులిపిరి తిరగేసి సెక్కాల, మరిసిపోనాను."

"నన్ను ఎర్రోణ్ణనుకున్నావేటి?" గురునాథరావు ఇనపరాడ్డు దించాడు. రెండు వేళ్లు చితికాయి. "మార్చురీలో నాను ఏలిముద్ర ఏయించిన సంగతి నీకెవుడు సెప్పేడ్రా?"

దొరబాబు పట్టు సడలింది.

"ఏటి ఏలిముద్ర, లీడరుగారూ?"

"తరవాత సెప్తాన్రా. ముందు ఈడి..."

"మా అన్న ఏలు ఏ కాయితమ్మీద ఎట్టేవు?"

దొరబాబు రాడ్డు లాక్కుని గురునాథరావు మోకాలిచిప్ప మీద కొట్టాడు. పడ్డాక పక్కటెముకల మీద కొట్టాడు. మూడోసారి మూతి మీదికి ఎత్తాడు.

బొమ్మలకి అర్థాలు చెప్పే పండితులు చాలామంది. ఆ బొమ్మని అక్షరం పొల్లుపోకుండా చదివినవాడు మాత్రం కింద పడి అరుస్తున్నాడు.

సన్యాసిరాజు నెత్తురు ఉమ్మి, ఎడమచేత్తో రాడ్డు పట్టుకున్నాడు.

"మూతి వొదిలీరా. ఆ కాయితం ఎక్కడుందో ఆ నోటితోనే సెప్పాల."