అరవై రెండు చర్చిల ముందు చెప్పులు

ఇబ్రహీంపట్నంలో చేపలు పట్టే ఇంటి పిల్ల శివాని. డిగ్రీ కాగానే మన్నెగూడ చౌరస్తాలో, టైర్ల దుకాణం మీది అంతస్తులో ఆమెకు కొలువు దొరికింది. అది రెండువేల ఆరో సంవత్సరం. సాగర్ రోడ్డు పొడుగునా చేన్లలో ప్లాట్ల రాళ్లు మొలుస్తున్నాయి, మేడల మీద కంప్యూటర్ ఆఫీసుల బోర్డులు మొలుస్తున్నాయి. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు.

పనేమిటో చెబితే తల్లి పోశమ్మకు నవ్వాగలేదు. అమెరికాలో దక్షిణం దిక్కున టెనెసీ అని ఒక రాష్ట్రం. అక్కడ కొత్త ఊరికి పోయినవాళ్లు ఆదివారం నాడు చర్చి ఎక్కడుందో, ప్రార్థన ఎన్ని గంటలకో చూసుకునేందుకు ఒక వెబ్‌సైట్ ఉంది. దానికి ఒక్కొక్క చర్చినీ వెతికి వివరాలు ఎక్కించాలి.

"గాళ్ల దేవుని కాడికి తొవ్వ చెప్పనీకె నీకు జీతమిస్తున్నరా?" అంది పోశమ్మ, చేప పొలుసు గీకుతూ. "నువ్వు యాచారం దాటి పోకపోతివి."

"చెప్పనీకె పోవాల్నా ఏంది అమ్మా."

"సరే తియ్. ఎవ్వల దేవుడైతేంది, తప్పు తొవ్వ మాత్రం చెప్పకు బిడ్డా."

ఆ మాట శివాని మనసులో గట్టిగా నాటుకుంది. తెర మీద చర్చి బొమ్మ వచ్చినప్పుడల్లా బల్ల కింద చెప్పులు విడిచి, తెరను తాకి కళ్లకద్దుకుని, అప్పుడు టైపు మొదలుపెట్టేది. తెల్ల గోపురాలు, ఎర్ర ఇటుక గోడలు, గడ్డి మైదానాలు. పొద్దుగూకే వేళకు ముప్పై ఊళ్లు తిరిగి వచ్చినట్టుండేది.

కొన్ని చర్చిలకు చివర 'వచ్చేవారికి సూచనలు' అని ఒక గడి ఖాళీగా ఉండేది. దేవుని దగ్గరికి పోయేవాళ్లకు మొదట చెప్పాల్సిందేమిటి? పక్క సీటు సుసన్నను అడిగింది. సుసన్నది అబ్దుల్లాపూర్‌మెట్, పుట్టుకతోనే క్రైస్తవురాలు.

"మీ చర్చిల చెప్పులు యాడ విడుస్తరు?"

"బయటనే. లోపటికి ఎవ్వరేసుకొస్తరే?"

ఇంకేం కావాలి. ఆ గడి ఖాళీగా ఉన్న అరవై రెండు చర్చిల కింద 'దయచేసి పాదరక్షలు బయట విడవగలరు' అని ఇంగ్లీషులో ముచ్చటగా రాసింది.

మూడో నెల ఇంకో వారంలో నిండుతుందనగా, ఆఫీసు నడిపే ఫణి సారు ఇద్దరినీ పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు. చేతిలో కాగితం ఉంది.

"టెనెసీ నుంచి ఉత్తరం వచ్చిందమ్మా. ఒక చర్చి పెద్దావిడ రాశారు. వినండి."

ఫణి తెలుగులో చెప్పుకుంటూ చదివాడు.

"పోయిన ఆదివారం మా చర్చికి ఒక ముసలాయన, భార్యతో కొత్తగా వచ్చారు. గడ్డకట్టే చలి. మెట్ల మీద బూట్లు విప్పి, సాక్సులతో లోపలికొచ్చారు. ఎందుకంటే మీ వెబ్‌సైట్‌లో ఉందన్నారు. వాళ్లు చిన్నబోతారని మా పాస్టరు గారూ బూట్లు విప్పేశారు. ఆయన సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు. ఆ వేలు చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఒకరి తర్వాత ఒకరం అందరం విప్పాం. పాటలో సగం నవ్వే. ఆ దంపతుల్ని అన్నం పెట్టకుండా పంపలేదు. ఇది రాసినవాళ్లెవరు?"

సుసన్న చున్నీ నోట్లో కుక్కుకుంది. ఫణి ముఖం గంభీరంగా పెట్టాలని చూశాడు గానీ, పెదవులు మాట వినడం లేదు.

"చెప్పులు యాడైనా బయటనే విడుస్తరనుకున్న సార్," అంది శివాని. "అన్నిట్ల తీసేస్త."

"అరవై ఒకటి తీసెయ్. వాళ్లది మాత్రం ఉంచమని కింద రాశారు."

"మరి నా కొలువు సార్?"

"నిన్ను పంపిస్తే ఆ అరవై ఒకటీ ఎవరు తీస్తారు, నేనా? పై నెల నుంచి మామూలుగా రా. ఏదైనా రాసేముందు ఒకసారి అడుగు, చాలు."

ఇంటికి వచ్చేసరికి పోశమ్మ చేపలకూర కలుపుతోంది. శివాని గడపలోనే చెప్పేసింది.

"తప్పు తొవ్వ చెప్పిన అమ్మా."

పోశమ్మ గంటె ఆపింది. "పోయినోళ్లు చేరిండ్రా మరి?"

"చేరిండ్రు. అన్నం గూడ తిన్నరు."

"ఇంకేంది," అంది పోశమ్మ, కంచం ముందుకు జరుపుతూ. "కాళ్లు కడుక్కొని రా, నువ్వూ తిను."